ఇచ్ఛాపురం నుంచి విజయనగరం దాకా: సైకిలు యాత్రలో తొలి ఐదు రోజులు

సంక్రాంతికి రెండు రోజుల ముందు ఇల్లు చేరాను. పండగ అయిపోయింది, మోకాళ్ల నొప్పులు తగ్గాయి. సైకిలు మాత్రం ఇంకా వరండాలో ఆ దుమ్ముతోనే ఉంది, కడగబుద్ధి కావడం లేదు. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా, అంటే మన కోస్తాకి ఈ కొస నుంచి ఆ కొస దాకా, 22 రోజులు తొక్కాను. అంతా వరసగా రాద్దామని కూర్చుంటే ప్రతిసారీ మొదటి ఐదు రోజుల దగ్గరే ఆగిపోతున్నాను. ఆ ఐదు రోజుల్లో నేను కొనుక్కుని తిన్నదానికన్నా ఎవరో పెట్టగా తిన్నదే ఎక్కువ. అందుకని ముందు అదే రాస్తున్నాను.

నాది తెనాలి. వయసు 46. శ్రీకాకుళం వైపు మాకు చుట్టాలు గానీ తెలిసినవాళ్లు గానీ లేరు. బయల్దేరే ముందు మా ఆవిడ ఒకటే టెన్షన్. "ఏదన్నా అయితే అక్కడ మనకి ఎవరున్నారు?" అంది. ఎవరూ లేరన్నాను. ఆ మాట చెప్పి రైలెక్కాను.

డిసెంబరు 21, ఇచ్ఛాపురం

స్టేషన్లో దిగేసరికి ఇంకా చీకటి. సైకిలు విప్పి గోనెసంచిలో కట్టుకొచ్చాను, బయట దీపస్తంభం కింద కూర్చుని బిగించుకోవడం మొదలుపెట్టాను. వెనక చక్రం ఒక పట్టాన కూర్చోదు. ఒక చేత్తో గొలుసు పట్టుకుని, ఇంకో చేత్తో చక్రం దోపాలి. ఎదురుగా టీ కొట్టాయన పొయ్యి వెలిగించుకుంటున్నవాడు అది వదిలేసి వచ్చాడు. ఏమీ అడగలేదు. సైకిలు సీటు పట్టుకుని పైకెత్తి నిలబడ్డాడు. బ్రేకులు సరిచేసుకునే దాకా ఫోను లైటు వేసి పట్టుకున్నాడు. అంతా అయ్యాక అప్పుడడిగాడు, "ఎక్కడికి బాబూ?"

"తడ."

ఆయనకి తడ ఎక్కడో తెలియదు. నెల్లూరు అవతల, తమిళనాడు దగ్గర అని చెబితే పక్కన కూర్చున్నాయనతో ఒడియాలో ఏదో అన్నాడు. ఆయన నా కాళ్ల వైపు చూశాడు. ఇక్కడ సగం మాట తెలుగులో, సగం ఒడియాలో నడుస్తుంది. ఒకే మనిషి భార్యతో ఒక భాషలో, గిరాకీతో ఇంకో భాషలో మాట్లాడుతుంటే వింటూ కూర్చున్నాను.

అల్లం టీ ఇచ్చాడు. డబ్బులివ్వబోతే వద్దన్నాడు. రెండడుగులు వేశానో లేదో మళ్లీ పిలిచాడు. "బాబూ, బోణీ బేరం. ఉత్తినే ఇస్తే బాగోదు. ఒక్క రూపాయివ్వండి." రూపాయి బిళ్ల ఇస్తే కళ్లకద్దుకుని గల్లాపెట్టెలో వేసుకున్నాడు. పది రూపాయల టీ అది. నా దగ్గర తీసుకోకూడదు, బోణీ చెడకూడదు. రెండూ కుదిరే దారి ఆయనే వెతికాడు.

పాదయాత్రలు చేసే నాయకులకి ఇచ్ఛాపురం ఆఖరి మజిలీ. 2003లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి చేవెళ్లలో మొదలుపెట్టిన నడక ఇక్కడే ముగిసింది, ఆ గుర్తుగా స్తూపం కూడా కట్టారు. వాళ్లు ఆగిన చోట నేను పెడలు మీద కాలు పెట్టాను. బాహుదా నది మీద మంచు ఇంకా విడలేదు.

అదే రోజు, ఉద్దానం

హైవే వదిలేసి కవిటి రోడ్డులో పడ్డాక రెండు పక్కలా కొబ్బరి, జీడిమామిడి, పనస. ఎండ రోడ్డు మీద పడాలంటే ఆకుల సందుల్లోంచి దూరి రావాలి. ఉద్యానవనమే ఉద్దానమైందని ఇక్కడివాళ్లు చెబుతారు. ఇంటి ముందు ముగ్గులో గొబ్బెమ్మలు, వాటి మీద గుమ్మడిపూలు. కవిటిలో ఇడ్లీ తిని ముందుకెళ్లాను.

పదిన్నరకల్లా సీసా ఖాళీ అయింది. ఒక చిన్న ఊళ్లో రోడ్డు పక్కన బోరింగు కనిపిస్తే దిగి కొట్టాను. నీళ్లు తేటగా, చల్లగా వచ్చాయి. సీసా నిండి మూత పెట్టబోతుంటే ఎదురింటి అరుగు మీంచి కేక, "ఆ నీల్లు తాగకు బాబూ!"

అరవై దాటిన ఆవిడ. చేతిలో చాట అలాగే ఉంది, బియ్యం ఏరుతూ లేచొచ్చింది. చాట సైకిలు సీటు మీద పెట్టేసి, నా చేతిలోంచి సీసా తీసుకుని, నీళ్లన్నీ అరటి మొదట్లో కుమ్మరించింది. సీసాని రెండుసార్లు తొలిచింది. లోపలికి తీసుకెళ్లి ఇరవై లీటర్ల క్యాను వంచి నింపింది. ఆ క్యానులో నీళ్లు సగానికి కిందే ఉన్నాయి. ఆవిడ వంచుతున్నప్పుడు క్యాను అడుగున నీళ్లు ఊగడం చూశాను.

"కొన్న నీల్లు," అంది. "మా ముసలాయన పోయిన కాడి నుంచి ఈ బోరు నీల్లు నోట్లో పొయ్యను. ఒకరిని పొయ్యనివ్వను."

ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి పేపర్లలో చదివాను. షుగరు లేకుండా, బీపీ లేకుండా, పొలం పనులు చేసుకునే మనుషులకి కిడ్నీలు చెడిపోవడం. ఎన్నో ఏళ్లుగా ఎందరో డాక్టర్లు, శాస్త్రవేత్తలు వచ్చి నీళ్లు, మట్టి, రక్తం పరీక్షలు చేశారు, ఇదీ కారణమని ఇప్పటికీ తేల్చి చెప్పలేకపోయారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. హిరమండలం జలాశయం నుంచి ఈ ఊళ్లకి గొట్టాలతో నీళ్లు తెచ్చే పథకమూ అప్పుడే మొదలైంది. "కుళాయి వస్తన్నాది బాబూ, రాకేటి," అంది ఆవిడ. "నాకే నమ్మకం సాలదు." ఆయన్ని వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి ఆటోలో తీసుకెళ్లిందట, రెండేళ్లు. కొడుకు చెన్నైలో కూలి పని.

ఇదంతా ఏడుస్తూ చెప్పలేదు. బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ చెప్పింది. నాకే ఏం మాట్లాడాలో తెలియలేదు. క్యాను డబ్బులైనా ఇద్దామని యాభై నోటు తీశాను. ఆవిడ దాని వంక చూసి, నా వంక చూసి, "మీ ఊల్లో నీల్లకి డబ్బులు తీసుకుంతారేటి?" అని అడిగింది. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. నోటు జేబులో పెట్టేసుకున్నాను.

పక్కింటి కుర్రాణ్ని కేకేసి బొండాం దింపించింది. పెరట్లో పొట్టి చెట్టు, నిచ్చెన వేస్తే అందుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తీరాన్ని తాకినప్పుడు ఉద్దానంలో తోటలకి తోటలే పడిపోయాయి. ఆవిడకి పెద్ద చెట్లు పధ్నాలుగు ఉండేవి, తెల్లారేసరికి రెండు మిగిలాయి. "ఇది తిత్లీ తరవాత ఏసిన సెట్టు. ఈ యేడే కాసింది. తొలి కాపు, తాగు," అంది. లేత కొబ్బరి కూడా గీరి చేతిలో పెట్టింది.

ఆ సీసా నీళ్లు సాయంత్రం దాకా గుక్క గుక్కగా తాగాను. మధ్యలో ఎక్కడా చేతులు కడుక్కోవడానికి వాడలేదు.

డిసెంబరు 21 రాత్రి, బారువ

మహేంద్రతనయ నది సముద్రంలో కలిసే చోటు. లైట్‌హౌసు, పొడవాటి ఇసుక తీరం. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఈ ఇసుకలోకే వస్తాయి. నేను వెళ్లేసరికి పడవలు ఒడ్డెక్కాయి, మగవాళ్లు వలలు బాగు చేసుకుంటున్నారు. రాత్రి ఎక్కడ పడుకోవాలా అని చూస్తుంటే వల అల్లుతున్న పెద్దాయన రాముల కోవెల మండపం చూపించాడు. ఊరు, పేరు, పిల్లలెంతమంది, ఉద్యోగమేంటి, జీతమెంత, అన్నీ అడిగాడు. "మీరేటోల్లు బాబూ?" అని కూడా అడిగాడు. మాట దాటేశాను. ఆయన పట్టుబట్టలేదు. ఈ ప్రశ్నలు కొందరికి విసుగు తెప్పిస్తాయని తెలుసు. మొదట్లో నాకూ ఇబ్బందిగానే ఉండేది. రెండో రోజుకి అర్థమైంది, ఇక్కడ ప్రశ్నలన్నీ చివరికి ఒకదాని దగ్గరికే వస్తాయి, "తిన్నావా మరి?"

తినలేదన్నాను. కాసేపటికి స్టీలు క్యారియరులో అన్నం, చేపల పులుసు వచ్చాయి. చింతపండు, ఎండుమిరప ఘాటు, మామిడి ఒరుగు వేసినట్టున్నారు. నేను ముద్ద కలిపేలోగా వేరే ఇంటి నుంచి ఒకమ్మాయి చారు తెచ్చింది. మూడో ఇంటావిడ వేయించిన ఎండు మెత్తళ్లు తెచ్చి, ముందే తెచ్చిన ఇద్దర్నీ చూసి చిన్నబుచ్చుకుంది. "ఎవులూ సెప్పలేదు నాకు" అని గొణిగింది. ముగ్గురివీ తిన్నాను. తినేదాకా పెద్దాయన ఎదురుగా గొంతుక్కూర్చుని చూస్తూనే ఉన్నాడు. ఇక చాలన్న ప్రతిసారీ, "పొద్దున్న మల్లీ తొక్కాల కదా," అంటూ ఇంకో గరిటె.

పడుకోబోతుంటే ఒక పిల్లవాడు పరిగెత్తుకొచ్చి దోమల చుట్ట, అగ్గిపెట్టె పెట్టి వెళ్లిపోయాడు. ఎవరు పంపారో తెలియలేదు.

ఆ రోజు మొత్తం ఖర్చు 71 రూపాయలు. టీకి ఒకటి, ఇడ్లీకి 40, అరటిపళ్లకి 30.

డిసెంబరు 22, మందస, కాశీబుగ్గ

సముద్రం వెంటే దక్షిణంగా దారి ఉంటుందనుకుని సరుగుడు తోటల్లోకి దిగాను. అది నా తప్పు. పెద్దాయన హైవే మీదుగా వెళ్లమనే చెప్పాడు. బాట మొదట గట్టిగానే ఉంది, అర కిలోమీటరు పోయాక ఇసుక మొదలైంది, ఇంకాస్త పోయాక అన్నీ ఇసుకే. చక్రాలు సగం దాకా దిగబడిపోయాయి. తోసుకుంటూ గంట సేపు నడిచాక, జీడితోటలో పుల్లలు ఏరుకుంటున్న ఇద్దరు ఆడవాళ్లు చూసి పకపకా నవ్వారు. ఆ తరవాత తలమీది మోపులు కింద పడేసి, ఒకావిడ వెనక, ఒకావిడ పక్కన పట్టుకుని తారురోడ్డు దాకా తోసి పెట్టారు. అక్కడ నా చేతికి అంటిన గ్రీజు చూసి ఒకావిడ కొంగు చించి ఇవ్వబోయింది. "వద్దప్పా" అన్నాను. ఈ ప్రాంతంలో అక్కని అప్ప అంటారని రాత్రే నేర్చుకున్నాను. ఆ ఒక్క మాటకి ఇద్దరి ముఖాలూ వెలిగిపోయాయి.

హరిపురం దగ్గర హైవే ఎక్కకుండా మందస లోపలికి వెళ్లాను. వాసుదేవ పెరుమాళ్ గుడి గోపురం ఎత్తుగా, రాతి చెక్కడంతో ఒడిశా గుళ్లలా ఉంటుంది. వెనకాల మహేంద్రగిరి నీలంగా. కోవా తిన్నాను. మందస కోవా గురించి విన్నవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు, విననివాళ్లకి ఒక్కమాట: తీపి తక్కువ, పాల రుచి ఎక్కువ, నాలుక మీద ఇసకలా విడిపోతుంది. పావుకిలో కొంటే కొట్టాయన, సైకిలు చూసి, ఇంకో రెండు బిళ్లలు ఆకులో పెట్టి విడిగా ఇచ్చాడు. "ఇవి దారికి. అవి ఇంటికి," అన్నాడు. ఇంటివి పలాస దాటలేదు.

పలాస ఇంకా ఏడెనిమిది కిలోమీటర్లుందనగా వెనక చక్రంలోంచి టంగుమని శబ్దం. దిగి చూస్తే చక్రం పుల్ల (స్పోకు) ఒకటి తెగింది, రిమ్ము వంకర తిరిగి బ్రేకుకి రాసుకుంటోంది. పొద్దున ఇసుకలో బరువుతో లాగినందుకే. బ్రేకు వదులు చేసుకుని మెల్లగా, పలాసని ఆనుకునే ఉన్న కాశీబుగ్గ చేరాను.

సైకిలు షాపులు రెండు చూశాను. గేర్ల సైకిలు మేం ముట్టుకోం అన్నారు. మూడోది షాపు కూడా కాదు, వేపచెట్టు కింద ఒక పెట్టె, ఒక గాలిపంపు, నీళ్ల తొట్టె. డెబ్బై ఏళ్ల తాత. చక్రాన్ని పైకెత్తించి ఒకసారి తిప్పి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. తెగింది గేర్ల పళ్లున్న వైపు. కొత్త పుల్ల ఎక్కించాలంటే ఆ పళ్ల చట్రం ఊడదీయాలి, దానికి వేరే పనిముట్టు కావాలి, అది ఆయన దగ్గర లేదు, నా దగ్గరా లేదు. తలపట్టుకుని కూర్చున్నాను.

తాత పెట్టెలో చెయ్యి పెట్టి కెలికి ఒక పొడుగు పుల్ల తీశాడు. పాత పుల్ల పక్కన పెట్టి కొలిచి, తల వైపు కత్తిరించేశాడు. ఆ కొసని పట్టకారుతో ఒకసారి ఇటు, అర అంగుళం వదిలి ఇంకోసారి అటు వంచాడు. కొక్కెం అయింది. ఆ కొక్కేన్ని పళ్ల చట్రం సందులోంచి దూర్చి, హబ్బు బెజ్జంలో తగిలించి లాగాడు. పట్టుకుంది. ఏదీ ఊడదీయకుండానే! రెండో కొసకి నిప్పిల్ ఎక్కించి బిగించాడు. ఇక బెండు తీయడం. రిమ్ము పక్కన సుద్దముక్క కదలకుండా పట్టుకుని చక్రం తిప్పుతాడు, ఎక్కడ సుద్ద అంటుకుంటే అక్కడ ఆ వైపు పుల్ల పావు చుట్టు వదులు చేస్తాడు, ఎదుటి వైపు పుల్ల పావు చుట్టు బిగిస్తాడు. సుద్ద గీత మొదట జానెడు, తరవాత బెత్తెడు, చివరికి చుక్క. ఆ చుక్క కూడా పోయే దాకా వదల్లేదు. గంటంబావు పట్టింది.

"ఎంత తాతా?"

"పుల్ల పది, పని ఇరవై."

రెండొందల నోటు ఇచ్చాను, చిల్లర వద్దన్నాను. ఆయన చెట్టు తొర్రలోంచి డబ్బా తీసి, నూట డెబ్బై లెక్కపెట్టి నా జేబులో కుక్కాడు. "ఎక్కువ తీసుకుంటే పుల్ల నిలవదు బాబూ," అన్నాడు. తరవాత నా ఫోను నంబరు అడిగాడు. మనవడి చేత వాళ్ల ఫోనులో ఎక్కించాడు. "గేర్ల బండికి ఎప్పుడూ ఎయ్యలేదు ఇది. ఎక్కడి దాకా నిలుస్తాదో నాకు తెలవాల."

డిసెంబరు 23, పలాస, తేలినీలాపురం

పలాసలో గాలి కూడా జీడిపప్పు వాసనే. లాడ్జి వెనక ఒక షెడ్డులోకి తొంగి చూస్తే లోపలికి రమ్మన్నారు. పిక్కలు ఉడికించి, కట్టర్ల మీద కోసి, పప్పు తీసి, వేడి చేసి పొట్టు ఒలిచి, సైజుల వారీగా ఏరతారు. పౌనుకి, అంటే దాదాపు అరకిలోకి, ఎన్ని గుళ్లు తూగితే అదే నంబరు, 180 అంటే పెద్దవి, 320 అంటే చిన్నవి. అక్కడ ఏరుతున్నావిడ తూకం లేకుండానే చేత్తో పట్టి చెప్పేస్తోంది. కోసేవాళ్ల వేళ్లు నల్లగా ఉన్నాయి. పిక్క పెంకులో రసం తోలు కాల్చేస్తుంది, నూనె రాసుకుని కూర్చున్నా ఆ మరక పోదు. కిలో ఎనిమిది వందలు పెట్టి కొనే మనం ఆ వేళ్లని ఒకసారి చూడాలి. నేను అరకిలో కొన్నాను, ఇంటికి పోస్టులో పంపాను.

తేలినీలాపురం నౌపడకి దగ్గర. దారిలో ఉప్పు మడులు, ఎండకి కళ్లు మూతలు పడతాయి. ఊళ్లోకి వెళితే చింతచెట్ల మీద పెద్ద పెద్ద తెల్ల పక్షులు, గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. మనుషులుండే ఇళ్ల మధ్యే, పెరటి చెట్ల మీదే గూళ్లు. చెట్టు కింద రాలిన చేపముక్కలు, రెట్టలు, ఘాటైన నీచు వాసన. ఒకాయన ఆ చెట్టు కిందే మంచం వేసుకుని కూర్చున్నాడు. వాసన ఇబ్బందిగా ఉండదా అని అడిగాను.

"ఆడపిల్ల పురిటికొస్తే ఇల్లు వాసనేస్తాదని ఎల్లగొడతామేటి?" అన్నాడు.

శీతాకాలం ముందు వస్తాయి, గుడ్లు పెట్టి, పిల్లలకి రెక్కలొచ్చాక వేసవికి ముందు వెళ్లిపోతాయి. అవి వచ్చిన ఏడు పంట బాగుంటుందని ఊరి నమ్మకం. ఆయన మనవరాలు, ఏడెనిమిదేళ్ల గుంట, గూట్లోంచి పడిపోయిన పిల్లని మళ్లీ ఎలా ఎక్కించారో చేతులు ఊపుతూ అభినయించి చూపించింది. మధ్యాహ్నం అక్కడే భోజనం పెట్టారు. పప్పులో మునగాకు. పెరుగు వేసుకునేటప్పుడు నెత్తిమీద ఒక గూడబాతు రెక్కలు విప్పితే అన్నం పళ్లెం మీద నీడ పడింది.

రాత్రి టెక్కలి. లాడ్జి 700. చెప్పుకోడానికి ఏమీ లేదు, బాగా నిద్రపోయాను.

డిసెంబరు 24, వంశధార వంతెన, శ్రీకాకుళం

ఈశాన్య గాలి వీపు మీద చెయ్యేసి తోసినట్టుంది. కోటబొమ్మాళి, నరసన్నపేట ఎప్పుడు దాటానో తెలియలేదు. మడపాం దగ్గర వంశధార వంతెన. పక్కన జాగా తక్కువ, వెనక లారీల హారన్లు. గుండె దడదడలాడింది. ఇంతలో ఒక లారీ నన్ను దాటకుండా వెనకే ఆగి, ఇండికేటర్లు వేసుకుని నా వేగంతోనే రావడం మొదలుపెట్టింది. దాని వెనక ఎన్ని హారన్లు మోగినా కదల్లేదు. కింద నది సగం ఇసుక, సగం నీళ్లు. వంతెన దాటాక పక్కకి తప్పుకున్నాను. లారీ దాటుతూ ఒక్కసారి చిన్నగా హారన్ కొట్టింది. డ్రైవరు ముఖం నేను చూడనే లేదు, కిటికీలోంచి ఊపిన చెయ్యి మాత్రం కనిపించింది. మోచేతి దాకా స్వెట్టరు, మణికట్టుకి ఎర్రతాడు.

శ్రీకాకుళంలో మాత్రం కష్టమైంది. రెండు లాడ్జీల్లో ఒంటరిగా వచ్చినవాళ్లకి గది ఇవ్వం అన్నారు. ఆధారు చూపించినా, ఫోనులో మా ఆవిడతో మాట్లాడించినా కుదరదన్నారు. ఒళ్లంతా దుమ్ము, చీకటి పడుతోంది, ఐదు రోజుల్లో ఒంటరిగా అనిపించింది ఆ గంటే. బయట మెట్ల మీద కూర్చుంటే, లోపల నన్ను పంపించేసిన కౌంటరు కుర్రాడే బండి తాళం పట్టుకుని వచ్చాడు. "సార్, రూలు మాది కాదు, ఓనరుది. నా వెనక రండి." అరసవల్లి దాకా బండి మెల్లగా నడుపుతూ, మలుపు మలుపుకీ ఆగి చూసుకుంటూ, గుడి దగ్గర సత్రంలో తెలిసినాయనకి అప్పజెప్పాడు. గది 300. అతను డ్యూటీ మధ్యలో వచ్చాడు, మంచినీళ్లు కూడా తాగకుండా వెనక్కి వెళ్లిపోయాడు. తెల్లవారి సూర్యనారాయణమూర్తి దర్శనం చేసుకుని, అతని పేరు అడగనందుకు బాధపడ్డాను.

డిసెంబరు 25, పొందూరు, విజయనగరం

నాగావళి దాటి పొందూరు. సన్న ఖద్దరు ఊరు. ఒక ఇంటి గుమ్మంలో ముసలమ్మ పత్తి బాగు చేస్తోంది. చేతిలో దువ్వెనలా ఉన్నది ఏమిటా అని వంగి చూస్తే ఎముక, దానికి సూదుల్లాంటి సన్నని పళ్లు. వాలుగ చేప దవడ. దాంతో గింజ మీది పత్తిని దువ్వితే నలకలు కిందికి రాలిపోయి, పోగు పోగు విడిపోయి పొగమంచులా లేస్తుంది. ఇనప దువ్వెన పెట్టకూడదా అంటే, "పోగు తెగిపోద్ది బాబూ. సేప పన్ను మెత్తన," అంది. ఆ దవడ తరవాత చాలా చేతుల పని ఉంది. ఏకులు చుట్టాలి, ఒంటి కదురు రాట్నం మీద వడకాలి, నూలుని చిలకలుగా చుట్టాలి. నూరో నంబరు నూలు అలా వస్తుంది. నా అరచేతిలో ఒక పోగు పెట్టింది. ఊపిరికే ఎగిరిపోయింది.

రోజంతా వడికితే ఎంత వస్తుందో చెప్పింది. ఆ అంకె ఇక్కడ రాయాలనిపించడం లేదు. ఖద్దరు చొక్కా బేరమాడేవాళ్లు ఒకసారి ఆ గుమ్మంలో కూర్చుంటే చాలు. నేను వెళతానంటే, "ఎండలో ఉత్త కడుపుతో ఎల్తావేటి" అని చోడి అంబలి తెచ్చింది. చోళ్లంటే మా వైపు రాగులు. రాత్రి పులిసిన అంబలి, మజ్జిగ, పచ్చి ఉల్లిపాయ. చెంబు ఖాళీ చేస్తే ఇంకో చెంబు. మధ్యాహ్నం రెండింటి దాకా ఆకలి మాటే లేదు.

చీపురుపల్లి దారిలో కళ్లాలన్నీ నూర్పుల మీద ఉన్నాయి. ఒక ఊళ్లో చర్చి ముందు షామియానా, క్రిస్మస్ భోజనాలు. సైకిలు ఆపి నీళ్లడిగాను. విస్తరి వేసి కూర్చోబెట్టారు. అక్కడ ఎవరూ ఏ ఊరని కూడా అడగలేదు, బంతి లేస్తోంది, తొందరగా కూర్చోమన్నారు అంతే.

నెల్లిమర్ల దగ్గర చంపావతి నది దాటేసరికి పొద్దు వాలింది. విజయనగరంలో కోట గోడ, గంటస్తంభం, మూడులాంతర్ల దగ్గర పైడితల్లమ్మ గుడి. ద్వారం వెంకటస్వామినాయుడు, ఘంటసాల తిరిగిన సంగీత కళాశాల వీధి రేపు పొద్దున చూద్దామనుకున్నాను. గంటస్తంభం దగ్గర ఇరవై రూపాయల మురీ మిక్స్చర్ తిన్నాను, నిమ్మకాయ గట్టిగా పిండించుకుని.

గదికొచ్చి పడుకోబోతుంటే ఫోను. తెలియని నంబరు.

"బాబూ, కాశీబుగ్గ. పుల్ల ఉందా?"

లేచి లైటు వేశాను. సైకిలు గోడకి ఆనించి ఉంది. చక్రం తిప్పి, ఆ కొక్కెం పుల్ల దగ్గర ఆపి గోటితో మీటాను. పక్క పుల్లని కూడా మీటాను. రెండూ ఒకటే మోత.

"ఉంది తాతా. గట్టిగా ఉంది."

అవతల మనవడితో ఏదో అన్నాడు. నవ్వు వినిపించింది.

"అయితే తొంగో బాబూ. రేపు మల్లీ తొక్కాల కదా."